అప్‌డేట్: కాలు తీసేశాక రాత్రంతా పడుకోని మా కుక్క టైగర్ ఇప్పుడు నిద్రపోతున్నాడు

వెనక కాలు తీసేసిన ఆపరేషన్ తర్వాత మా టైగర్ రాత్రంతా మూలుగుతూ, పడుకున్నట్టే పడుకుని మళ్లీ లేచిపోతున్నాడని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసినవి రెండు. టైల్స్ మీద జారకుండా ఏదైనా పరచమన్నారు కదా, మాది అమలాపురం పక్కనే, కొబ్బరి పీచు పట్టాలకి కరువేముంది, గది నుంచి వాకిలి దాకా పరిచేసి, కుట్లకి గరుకు తగలకుండా వాడు పడుకునే చోట పాత బొంత వేశాం. అంతకుముందు లేవబోతే చాలు ముందుకాళ్లు చెరోపక్కకి జారిపోయేవి, ఆ భయానికే ఒళ్లు వాల్చేవాడు కాదు. రెండోది, డాక్టర్ గారు చూసి నరాల నొప్పి కూడా ఉందని వాడి బరువును బట్టి గాబాపెంటిన్ అనే మందు కూడా రాశారు. కాస్త మత్తుగా ఉంటాడు కానీ ఆ రాత్రే గుర్రు పెట్టాడు. మనం వాడే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ మాత్రం పొరపాటున కూడా వేయొద్దన్నారు.

ఉక్కపోత వల్లేమో అని తెచ్చిన కూలర్‌కీ, మాన్పించిన పెరుగన్నానికీ దీంతో ఏ సంబంధం లేదు. కుట్ల పక్కన కమిలి నీలంగా ఉందని పడ్డ టెన్షన్ కూడా దండగే, మొదట్లో మామూలేనట. చీము, వాసన ఉంటే మాత్రం వెంటనే చూపించాలి.

కుట్లు తీసేశారు. మెట్లు ఇంకా బంద్. మూడు కాళ్ల మీద బరువు పెరగకూడదన్నారు, ఆ మాట మా అమ్మకే ఎక్కట్లేదు.