సొంత తోటను అడవిలా వదిలేస్తే పక్క రైతుకు అన్యాయం చేసినట్టేనా?

మామిడితోపు:
చిత్తూరు వైపు మాకు ఆరెకరాల పాత మామిడి తోట ఉంది. కాపు తగ్గాక దున్నడం, మందు కొట్టడం మానేశాం. మధ్యలో కానుగ, నేరేడు, ఉసిరి, తెల్లమద్ది నాటాం. ఇప్పుడు పొద్దున్నే వెళ్తే నెమళ్లు, పాలపిట్టలు, ముంగిసలు కనబడతాయి. సెలవులొస్తే పిల్లలు వేరే ఊరే అడగరు. పక్క చేను ఆయనేమో వేరుశనగలో అడవిపందులు పడి చాళ్లకు చాళ్లు పెళ్లగించాయని, పగలంతా అవి మా తోటలోనే దాక్కుంటున్నాయని తగువు పెట్టుకున్నాడు. తోటంతా చదును చేయించాలట. నా పట్టా భూమిలో చెట్లు పెంచుకోవడానికి ఆయన ఒప్పుకోవాలా?

పిట్టలపిచ్చి:
ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు, అలాగే ఉంచండి. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు సొంత భూమి 70 ఎకరాలను అడవిగా పెంచారు. ఎవరో అడిగారని నరికేశారా? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి, జనం కొమ్మ కూడా విరవరు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలోనూ అంతే. వన్యప్రాణులంటే ప్రభుత్వ అడవిలోనే ఉండాలని ఎక్కడుంది?

మెట్టసేద్యం:
స్వామీ, తేలినీలాపురం పక్షులు తినేది చేపలు. చెనిక్కాయ తినవు. ఆ ఊరోళ్లకు పోయేదేమీ లేదు, అందుకే కాపాడుకుంటాండారు. మా కథ అది కాదు. విత్తనం పడిన వారంలోనే నెమళ్లు దిగి మొలకలు పీకేస్తాయి. ఊడలు దిగినాక పందుల వంతు. ఒక మంద ఒక రాత్రి పడితే ఆ మడిలో తెల్లారి ఏరుకునేదానికి కూడా ఏమీ ఉండదు. నెమలి మీద చెయ్యి వేస్తే కేసు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అది గట్టి కాపుదల ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. చంపాలని నేను అనడం లేదు. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టుకుంటా కూర్చునేది ఎవరు అని అడుగుతాండా. తట్టుకోలేక కరెంటు తీగ పెట్టేవాళ్లూ ఉండారు, దానికి పంది బదులు మనిషి పోయిన ఊళ్లు మీరే పేపర్లో చదివింటారు.

శంషాబాద్ అక్క:
మా దిక్కు ఫామ్‌హౌస్‌లోళ్లదీ ఇదే ముచ్చట. ఆదివారం వస్తరు, ఫొటోలు దిగుతరు, పోతరు. మిగిలిన ఆరు రోజులు పక్కోడు కాపలా ఉండాలె. తోట మీదైతే దాని బాధ కూడా మీదే కదా అన్నా?

ఆకురాలు:
వృక్షశాస్త్రం పాఠం చెప్పే ఉద్యోగం నాది, కాస్త పొడుగ్గా రాస్తాను. హక్కు సంగతి పక్కన పెట్టి, ఆ తోటలో నిజంగా ఏం పెరిగిందో ముందు చూడండి. దున్నడం ఆపిన మెట్టభూమి దానంతటదే అడవి అయిపోదు. మన దగ్గర చాలాచోట్ల ముందు సర్కారు తుమ్మ, ఆ వెనకే లాంటానా పొదలు ఎక్కేస్తాయి. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు, 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో నాటించారని చెబుతారు. పశువులు, పందులు కాయలు తిని గింజల్ని ఎక్కడెక్కడో వేస్తాయి. పంది పగలు పడుకోవడానికి వెతికేది ఇలాంటి ముళ్లపొదనే. కింద ఖాళీగా ఉండి పైన నీడ కట్టిన మామిడి, నేరేడు చెట్ల మధ్య అది అంత ధైర్యంగా పడుకోదు. కాబట్టి చదును చేయాల్సింది తోటను కాదు, ఆ పొదను.

ఇంకోటి, రాలిన మామిడికాయలు. వాటిని ఏరకుండా వదిలేస్తే పందికి మీరే విందు పిలుపు ఇచ్చినట్టు. రెండు పూటలా ఏరించండి. వేసవికి నీళ్ల తొట్టి పెడితే చేను గట్టుకు దూరంగా పెట్టండి. ఎండిన మానులను మాత్రం కొట్టకండి, వాటి తొర్రల్లో పాలపిట్ట, గుడ్లగూబ గూడు పెడతాయి, గుడ్లగూబ పక్క చేలో ఎలుకల్ని కూడా తింటుంది. పచ్చని చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

చెట్టు నాటిన ప్రతిచోటా మేలే జరుగుతుందని కూడా అనుకోవద్దు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది బట్టమేక పిట్ట కోసం. దానికి కావాల్సింది గడ్డి మైదానం, చెట్ల గుంపు కాదు.

మామిడితోపు:
పొదంతా తీసేస్తే కౌజులు, పికిలిపిట్టలు ఎక్కడ ఉంటాయండీ? నున్నగా ఊడ్చిన తోటలో చూడ్డానికి ఏం మిగులుతుంది?

ఆకురాలు:
ఊడవమని ఎవరన్నారు? కలివి, బలుసు, రేగు లాంటి మన పొదల్ని నడిమధ్య ఉంచుకోండి. చేను వైపు ముప్ఫై అడుగుల పట్టీ మాత్రం ముళ్లు లేకుండా, గడ్డి కోసి ఉంచండి. పందికి దాక్కునే చోటుకీ పంటకీ మధ్య ఖాళీ నేల దాటాల్సి వస్తుంది. దాంతో పందుల రాక పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

పిట్టలపిచ్చి:
ఇలా పట్టీ, గీత అని మొదలుపెడితే చివరికి తోటే మిగలదు. ఇవాళ ముప్ఫై అడుగులు, రేపు అరవై.

మెట్టసేద్యం:
నువ్వు ముప్ఫై అడుగులు పోతాయని ఏడుస్తాండావు, నాకు పోయేది ఏడాది పంట అబ్బాయా. మామిడితోపు గారూ, పట్టీ సంగతి బాగానే ఉంది. మీ గట్టు పొడుగునా సోలార్ కంచె వేస్తే సగం ఖర్చు మీరు పెట్టుకుంటారా?

మామిడితోపు:
సగం సరే. పట్టీ కూడా వానలకు ముందే కొట్టిస్తాను, కాయలు ఏరడానికి మనిషిని పెడతాను. నడుమ కలివి పొదలు మాత్రం ముట్టుకోను.

మెట్టసేద్యం:
కలివి ఉంచుకోండి. సర్కారు తుమ్మ మొదలంటా తీయించండి, పైపైన నరికితే ఆర్నెల్లకు రెండింతలు లేస్తాది. మీ పక్క చేనాయనతో ఈ లెక్క ముందే మాట్లాడుకోండి, కంచె పడినాక ఎవరి బ్యాటరీ, ఎవరి రిపేరీ అని ఇంకో తగువు వస్తాది.

శంషాబాద్ అక్క:
కంచె వేసినంక పందులు అటు పక్క మూడో చేన్లకు పోతయి గదా. ఆయనకు ఎవరిస్తరు సగం?