మేడ మీద నుంచి రోజూ రాసే పిట్టల జాబితా లెక్కలోకి వస్తుందా?

కొర్లగుంట మేడ
జనవరి 1 నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. రోజుకు పదిహేను నిమిషాలు, ఏడాది పొడుగునా ఒక్క రోజూ తప్పకుండా, కనిపించిన పిట్టలనూ వినిపించిన పిట్టలనూ పక్షుల జాబితాలు దాచే ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయాలి. తిరుపతిలో మా మేడ మీద నుంచే చేస్తున్నాను. నీళ్ల ట్యాంకు పక్కన ఒక కుర్చీ, చేతిలో పాత బైనాక్యులర్. కాకులు, పావురాలు, గోరువంకలు ఎప్పుడూ ఉండేవే. పక్కింటి మునగచెట్టుకు తేనెపిట్టలు వస్తాయి. ఎండ ఎక్కాక గద్దలు కొండ వైపు చుట్లు తిరుగుతూ పైకి లేస్తాయి. మొన్న తెలిసినాయన ఒకరు, చెరువుకో కొండకో వెళ్లని రోజును ఖాళీ రోజుగానే రాసుకోవాలి, మేడ మీద కూర్చుని రాసేది పక్షివీక్షణ కాదు అన్నారు. ఇలాంటి ఏడాది నియమం పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరేమంటారు?

సూళ్లూరుపేట వాసి
ఒకసారి నేలపట్టు రండి. గూడబాతులను చూశాక మేడ గుర్తుకు రాదు.

నీవా మాస్టారు
ఆయన సరిగానే చెప్పాడమ్మా. రోజూ అదే మేడ, అవే కాకులు. మొదటి నెలలో చూసిన పిట్టలే డిసెంబరులోనూ చూస్తారు. పక్షివీక్షణ అంటే పక్షి ఉన్నచోటికి మనం వెళ్లడం. రాయలచెరువు నిండిన ఏడు ఆ గట్టు మీద గంటసేపు నిలబడి చూడండి. వలస బాతులు దిగేది అక్కడ. తలకోన అడవిలో ఒక ఉదయం గడపండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీని 1991లోనే పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ఒక్క పూట తిరిగితే మీ మేడ మీద ఏడాదిలో రానిది వస్తుంది.

ఇంకో మాట. ‘ఒక్క రోజూ తప్పకూడదు’ అనే పట్టుదల మంచిది కాదు. రాత్రి పదకొండు గంటలకు గుర్తొచ్చి, వీధి దీపం కింద ఒక కాకి, ఒక పావురం రాసి వరుస తెగలేదని సంతోషపడేవాళ్లను చూశాను. మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కి, దర్శనం అయిందో లేదో గమనించకుండా దిగివచ్చినట్టు ఉంటుంది అది. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. చూడదగ్గది చూసినప్పుడే రాస్తాను.

జాబితా రాయుడు
మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నాను, మీరు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం నేను. ‘చూడదగ్గది చూసినప్పుడే రాస్తాను’ అన్నారే, లెక్క చెడేది అక్కడే. అరుదైన పిట్టను అందరూ రాస్తారు. గోరువంక ఎక్కడ తగ్గిందో ఎవరు రాస్తారు? రోజూ ఒకేచోట, ఒకే సమయం, గుర్తుపట్టినవన్నీ వదలకుండా రాసిన జాబితాలోనే ‘ఈ పిట్ట ఈ రోజు లేదు’ అనే సమాచారం ఉంటుంది. మీ నోటు పుస్తకంలో లేని పిట్ట నిజంగా లేదా, మీకు చూడదగ్గదిగా అనిపించలేదా? పుస్తకం చూసి ఎవరూ చెప్పలేరు.

2023లో వచ్చిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం సుమారు 30 వేల మంది మామూలు పక్షివీక్షకులు రాసిన జాబితాలు. అందులో 178 జాతులకు వెంటనే రక్షణ కావాలని తేల్చారు. దసరా నాడు మనవాళ్లు వెతుక్కుని మరీ చూసే పాలపిట్ట తగ్గిపోతోందని తెలిసిందీ వాటితోనే. ఊరి పక్క కరెంటు తీగ మీద కూర్చునే పిట్ట అది. దాని కోసం తలకోన వెళ్లనక్కరలేదు.

కొర్లగుంట మేడ గారూ, మీ జాబితా నూటికి నూరు పాళ్లు చెల్లుతుంది. వినిపించినవి కూడా రాయండి. ఈబర్డ్ 2002లో మొదలైనప్పటి నుంచీ విన్నదానికీ చూసినదానికీ తేడా పెట్టలేదు.

నీవా మాస్టారు
విన్నదానికీ చూసినదానికీ తేడా లేదా? ఇది బాగుంది. నల్ల ఏట్రింత షిక్రా డేగలా అరుస్తుంది. అచ్చం దింపేస్తుంది. కూత విని పేరు చెప్పే ఫోను ముందు పెట్టుకుని కూర్చున్న మీ కుర్రవాళ్లు ‘షిక్రా, ఒకటి’ అని రాసేస్తారు. చెట్టు మీద చూస్తే తోక చీలిన నల్లపిట్ట. వీక్షణ అని పేరు పెట్టుకుని వినడం ఏమిటి నాయనా?

జాబితా రాయుడు
ఏట్రింత అనుకరిస్తుందని తెలిసినవాడు ఏట్రింత అనే రాస్తాడు. ఫోను చెప్పినదాన్ని చెప్పినట్టు రాయమని నేను ఎక్కడా అనలేదు. పగిడికంటెను ఎన్నిసార్లు చూశారు, ఎన్నిసార్లు విన్నారు? విన్నదాన్ని కొట్టేస్తే రాత్రి పక్షులేవీ జాబితాలో మిగలవు. కోయిల సంగతీ అంతే. వేసవంతా చెవి పగిలేలా అరుస్తుంది, కొమ్మల్లో కనిపించదు. లేదని రాయాలా?

తోట కాపలా
బంగారుపాళెం దగ్గర మాది మామిడి తోట. రామచిలుకలను లెక్కపెట్టాలంటే మే నెలలో మా తోటకు రండి, ఎన్ని కావాలంటే అన్ని. పనిలో పనిగా ఎన్ని కాయలు కొరికి పడేశాయో అదీ రాయండి. 2018లో దాన్నే రాష్ట్ర పక్షిని చేశారు కాబట్టి నష్టపరిహారం ఎవరిని అడగాలో చెప్పండి.

కల్యాణి గాలి
మాస్టారు చెరువు, కొండ అంటున్నారు. శేషాచలం అంచున బైనాక్యులర్ మెడలో వేసుకుని నిలబడితే ఏమవుతుందో తెలుసా? ఎర్రచందనం కోసం దారి చూస్తున్నానని ఇద్దరు ఆపి, సంచి విప్పించి, ఫోను అడిగారు. పిట్టల పుస్తకం చూపిస్తే నవ్వారు. అప్పటి నుంచి అటు వెళితే పదిమందితో కలిసే వెళ్తున్నాను. పదిమంది మాట్లాడుకుంటూ నడుస్తుంటే ఏ పిట్ట నిలుస్తుంది?

నీవా మాస్టారు
అడవిలోకి అనుమతి తీసుకుని వెళ్లాలి. అందులో తప్పు పట్టేదేముంది.

జాబితా రాయుడు గారికి ఒక్క ప్రశ్న. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఎవరి పుణ్యాన? ఊళ్లో పిట్టలు పట్టుకుని బతికే మనిషి పుణ్యాన. ఆయన రోజూ పదిహేను నిమిషాల జాబితా రాశాడా? తెలిసిన కంటికి యాప్ అక్కరలేదు.

జాబితా రాయుడు
ఆయన పిట్టను ప్రాణాలతో పట్టుకొచ్చి చేతిలో పెట్టాడు మాస్టారూ. అంతకంటే పెద్ద రుజువు ఏముంది? పాపం ఆ పిట్ట బతకలేదనుకోండి. ‘నేను చూశాను, నమ్మండి’ అని మాత్రం అనలేదు ఆయన.

నీవా మాస్టారు
ఓహో. ఇప్పుడు అర్థమైంది. ‘నమ్మండి అనలేదు’ అని ఎవరిని ఉద్దేశించి అన్నారు?

విషయం అక్కడికే వచ్చింది కాబట్టి అందరి ముందూ చెబుతాను. మా చిత్తూరు వైపు ఒక రాతిగుట్ట మీద పసుపు గొంతు పికిలిపిట్టను చూశాను. దక్షిణాదిలో రాళ్లగుట్టల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. ప్రమాదంలో ఉన్న జాతి. హార్సిలీ కొండ మీద చూశానంటే ఎవరూ మాట్లాడరు. మా గుట్ట మీద చూశానని ఒక వాట్సాప్ గ్రూపులో రాస్తే, నిన్న మొన్న బైనాక్యులర్ కొన్నవాడెవడో ‘ఫోటో ఉందా?’ అని అడిగాడు. లేదన్నాను. జాబితాలోంచి తీసేశారు. ఆ గుట్ట మీద నేను తిరగడం మొదలుపెట్టినప్పుడు ఈ అడిగినవాళ్లు బడికి కూడా వెళ్లి ఉండరు. నా కంటికి ఇప్పుడు వీళ్ల సంతకం కావాలి! ఆ గ్రూపులోంచి ఆ రాత్రే బయటికి వచ్చేశాను.

సూళ్లూరుపేట వాసి
అయ్యో మాస్టారూ.

జాబితా రాయుడు
ఫోటో అడిగింది నేనే మాస్టారూ. మీకు తెలిసే ఇన్ని రోజులూ చుట్టూ తిప్పి మాట్లాడుతున్నారని నాకూ తెలుసు.

మళ్లీ అయినా అడుగుతాను. ఆ గుట్ట పొదల్లో తెల్ల కనుబొమల పికిలి కూడా ఉంటుంది. దానికీ తోక మొదట్లో కింద పసుపే. పొద వెనుక సగం కనిపిస్తే ఎవరైనా తడబడతారు. తల, గొంతు మొత్తం పసుపుగా ఉందా, కంటి మీద తెల్లగీత ఉందా అని కూడా అడిగాను. దానికి మీరు జవాబివ్వలేదు, ‘నా వయసెంత తెలుసా’ అన్నారు. ఫోటో లేకపోయినా వర్ణన రాసి ఉంటే ఉంచేవాళ్లం. వయసును వర్ణనగా ఎలా రాసుకోను?

నీవా మాస్టారు
తల పసుపే. గొంతు పసుపే. అప్పుడు చెప్పలేదు, ఎందుకంటే అడిగిన తీరు నచ్చలేదు. దొంగను నిలబెట్టి అడిగినట్టు అడిగారు.

మీ రోజువారీ జాబితాల మీద నాకున్న కోపం ఇదే. రోజూ రాసేవాడు పెద్దవాడు, వరుస తెగనివాడు నిపుణుడు. ఎప్పుడో ఒకసారి గుట్టెక్కి మంచి పిట్టను చూసిన ముసలివాడి మాట మాత్రం సందేహం. మేడ మీద కాకిని ఏ ఫోటో లేకుండా ఒప్పుకుంటారు!

జాబితా రాయుడు
కాకికి ఫోటో ఎందుకు మాస్టారూ? మేడ మీద హిమాలయ పిట్ట కనిపించిందంటే వాళ్లనూ అడుగుతాం.

కొర్లగుంట మేడ
నేను అడిగిన ప్రశ్న ఎవరికైనా గుర్తుందా? మీ ఇద్దరి పాత తగాదాకు నా మేడ వేదిక అయింది.

మేడ మీదే ఎందుకు చూస్తున్నానని ఒక్కరూ అడగలేదు. మాస్టారూ, మీరు చెప్పిన చెరువులు నాకు తెలియనివి కావు. పోయిన చలికాలం ఇంటికి దగ్గరలో ఉన్న ఒక చెరువు గట్టుకు తెల్లవారుతుండగా వెళ్లాను. తీతువులు, నారాయణపక్షులు, ఒక లకుముకి. ఒక మోటారు సైకిలు నా పక్క నుంచి వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లింది. మూడోసారి ఆగి ‘ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు?’ అని అడిగాడు. పిట్టల కోసం అని చెబితే వెనుక కూర్చున్నవాడు ఫోను తీసి ఫోటో తీశాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే మేడ కూడా పోతుంది, బైనాక్యులర్ బీరువాలోకి వెళుతుంది.

మీ ఫోటో గొడవ చదువుతుంటే నవ్వొచ్చింది. పిట్టకు ఫోటో లేదని మీకు బాధ. నా ఫోటో ఎవరి ఫోనులో ఉందో నాకు తెలియదు.

జాబితా రాయుడు
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదండీ. అందుకే మేడ జాబితాలు చెల్లాలని…

కొర్లగుంట మేడ
కాదండీ, మీరు చెబుతున్నది ఇది కాదు. మీరు సమాచారం గురించి చెబుతున్నారు. నాకు జరిగినదాన్ని మీ వాదానికి రుజువుగా కలుపుకోకండి. మీ 30 వేల మందిలో తెల్లవారుజామున ఒంటరిగా గట్టు మీద నిలబడగలిగిన ఆడవాళ్లు ఎందరో ఎప్పుడైనా ఆలోచించారా? పిట్ట లేదని రాయడానికి గడి ఉంది. మనిషి రాలేకపోయిందని రాయడానికి లేదు.

నీవా మాస్టారు
అమ్మా, అలాంటి వెధవలు అన్నిచోట్లా ఉంటారు. నేనూ మా ఆవిడా వచ్చే ఆదివారం రాయలచెరువుకు వెళ్తున్నాం. 2021 నవంబరు వానలకు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించిన చెరువు అది. ఆ గట్టు మీద నడుస్తుంటే ఎంత పెద్దదో తెలుస్తుంది. మా కారులోనే రండి. ఎవడు ఆపుతాడో చూస్తాను.

కొర్లగుంట మేడ
పిలిచినందుకు సంతోషం మాస్టారూ, వీలైతే వస్తాను. అయితే మీరు పిలిచింది ఆదివారానికి, నా నియమం రోజూది. సోమవారం మీ కారు రాదు.

నీవా మాస్టారు
అది నిజమే. అయినా భద్రత వేరు, లెక్క వేరు. మీ కష్టం అర్థమైంది కాబట్టి మేడ జాబితాను మెచ్చుకుంటాను. పక్షివీక్షణ ఏడాదిగా మాత్రం ఒప్పుకోను. మేడవీక్షణ ఏడాది అనండి, గొడవ ఉండదు.

కల్యాణి గాలి
మాస్టారూ, మీ గుట్టకు పెట్టని షరతు ఆమె మేడకు ఎందుకు పెడుతున్నారు? మీ మాటను నమ్మలేదని గ్రూపు వదిలేశారు. ఇప్పుడు ఆమె మాటకు మీరు పేరు మారుస్తున్నారు.

నీవా మాస్టారు
రెండూ ఒకటి కావు.

కొర్లగుంట మేడ
పేరు మీకు నచ్చినది పెట్టుకోండి. నేను అడిగింది లెక్కలోకి వస్తుందా అని. మీరు ఒప్పుకుంటేనే వస్తుందన్నట్టు ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. ఇక అడగను. మార్చి దాటితే జిట్టంగులు ఉత్తరానికి వెళ్లిపోతాయి. పక్కింటి నీళ్ల తొట్టి దగ్గర తోక ఆడించే ఆ పిట్ట ఏ రోజు చివరిసారి కనిపించిందో నా జాబితాలో ఉంటుంది. మాస్టారూ, మీ పుస్తకంలో ఉందా?

నీవా మాస్టారు
జిట్టంగి వచ్చిన రోజు రాస్తాను. వెళ్లిన రోజు ఎవరికి తెలుస్తుంది?

జాబితా రాయుడు
రోజూ చూసేవాళ్లకు తెలుస్తుంది మాస్టారూ :)

నిర్వాహకుడు
వ్యక్తిగత విషయాలు చాలు. పికిలిపిట్ట కనిపించిన గుట్ట పేరు ఎవరూ ఇక్కడ రాయవద్దు. గూళ్ల దగ్గరికి జనం పోగవుతారు.

కొత్తగా చేరాను
ఆలస్యంగా చూశాను, క్షమించాలి. నేనూ జనవరి నుంచి రోజూ రాస్తున్నాను. పోయిన వారం డెంగీ వచ్చింది, మంచం దిగే ఓపిక లేదు. కిటికీ కూడా గోడ వైపే ఉంది. అలాంటి రోజుల్లో ఏం చేయాలి? వరుస వదిలేయాలా?

జాబితా రాయుడు
ముందు జ్వరం తగ్గించుకోండి, నీళ్లు బాగా తాగండి. మరీ మనసు ఒప్పకపోతే, తెల్లవారేముందు పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. కాకి, కోయిల, జెముడుకాకి, అదృష్టం ఉంటే తీతువు. పడుకునే రాయవచ్చు.

నీవా మాస్టారు
మంచం మీద! కళ్లు మూసుకుని! ఇది చదివిన తర్వాత కూడా నాదే తప్పంటారా, కల్యాణి గాలి గారూ?