దసరా సెలవుల్లో తుపాను వస్తే బడి తాళం ఎవరి దగ్గర? విపత్తు శిక్షణ గురించి సలహా కావాలి

ప్రశ్న: గంజాం తీరం టీచర్

అందరికీ నమస్కారం. గోపాల్‌పూర్‌కి దగ్గర్లో, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న బడిలో పనిచేస్తున్నాను. 112 మంది పిల్లలు, నలుగురు టీచర్లం. ఎక్కువమంది వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బడి పక్కనే సైక్లోన్ షెల్టర్ ఉంది. అది నిండితే మా గదులు కూడా తెరవాలి.

పోయిన వారం బ్లాక్ ఆఫీసులో రెండు రోజులు విపత్తు నిర్వహణ శిక్షణ ఇచ్చారు. టీచర్లు, వార్డు మెంబర్లు, పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్లు, అంగన్‌వాడీ వర్కర్లు అందరం ఒకే హాల్లో కూర్చున్నాం. చెప్పినవాళ్ళు విషయం బాగా తెలిసినవాళ్ళే. కానీ అంతా ఒడియాలో, స్క్రీన్ మీద ఒకదాని వెనక ఒకటి స్లైడ్లు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా వార్డు మెంబరు గారు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, బాత్యా అంటే గాలివానేనని తెలుసు. బజ్రపాత అంటే పిడుగు, అదీ తెలిసింది. ఆ పసుపు, నారింజ ఏంటో మాత్రం అర్థం కాలేదు. అడుగుదామంటే సిగ్గేసింది" అన్నారు.

ఇప్పుడు మిగతా టీచర్లకీ, పంచాయతీ వాళ్ళకీ ఒక పూట శిక్షణ నేనే ఇవ్వాలట. దసరా సెలవుల లోపు పిల్లలతో మాక్ డ్రిల్ కూడా చేయించాలి. చేతిలో నూట ముప్ఫై పేజీల పుస్తకం ఉంది. అందులో ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి? నిజం చెప్పాలంటే రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: పర్లాకిమిడి, రిటైర్డ్ హెడ్మాస్టర్

అమ్మా, ముందు ఆ పుస్తకం మూసి పక్కన పెట్టండి. మొదటి ప్రశ్న ఇది: మీ బడి తాళం చెవి ఎవరి దగ్గరుంది?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రోజు దుర్గాష్టమి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, అదీ నవరాత్రుల్లోనే. మన వైపు పెద్ద గాలివానలు సరిగ్గా బడికి తాళం పడ్డ రోజుల్లోనే వస్తున్నాయి. ఊరికి బడి అత్యవసరమయ్యే రోజున బడిలో ఎవరూ ఉండరు. శిక్షణలేమో పనిదినాల్లో, అందరూ హాజరైన పూట జరుగుతాయి.

ఫైలిన్ అప్పుడు నేను పనిచేస్తున్న బడి పేరు చెప్పను. సాయంత్రం నాలుగింటికి జనం మూటలతో, చంటిపిల్లలతో వచ్చి గేటు ముందు నిలబడ్డారు. చెవి ఉన్న మనిషి పండక్కి అత్తారింటికి వెళ్ళాడు. ఫోన్ కలవలేదు. చివరికి రాయితో తాళం బద్దలుకొట్టాం. లోపల చూస్తే రెండు గదుల్లో విరిగిన బెంచీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వానలో తడుస్తూ ఆ బెంచీలు బయటికి మోసేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంట ఒక బాలింత వరండాలో బిడ్డని చీర కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. పన్నెండేళ్ళయినా నాకు ఆమె ముఖం గుర్తే.

అందుకే చెప్తున్నాను, మూడు చెవులు చేయించండి. మూడు వేర్వేరు ఇళ్ళలో పెట్టండి. అందులో ఒకటి పండక్కీ పబ్బానికీ ఊరు వదలని ఇల్లై ఉండాలి. ఎవరి దగ్గరుందో గేటు పక్క గోడ మీద పెయింటుతో రాయించండి, తెలుగులోనూ ఒడియాలోనూ. పూజా సెలవులకి ముందు రోజు రెండు గదులు ఖాళీ చేయించి మరీ ఇళ్ళకి వెళ్ళండి. మీ శిక్షణలో మొదటి అరగంట ఇదే.

రంగుల సంగతి. వాతావరణ శాఖ వాడే రంగులు నాలుగు. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండు. నారింజ అంటే మూట సర్దుకుని సిద్ధంగా ఉండు. ఎరుపు అంటే కదులు. ఆ నాలుగు రంగుల గుడ్డముక్కలు తీసుకెళ్ళి మీ మెంబరు గారి చేతిలో పెట్టండి. ఆవిడ చేతే మిగతావాళ్ళకి చెప్పించండి. ఇంకో లెక్క కూడా ఉంది. తీరానికి తుపాను కబురు 72 గంటల ముందు ఒకసారి, 48 గంటల ముందు ఇంకోసారి, 24 గంటల ముందు గట్టి హెచ్చరికగా వస్తుంది. మొదటి కబురుకే ముసలివాళ్ళ, గర్భిణుల జాబితా చేతిలో ఉండాలి. అప్పుడు రాసుకుందాంలే అంటే కుదరదు.

తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం గురించి మాత్రం తప్పకుండా చెప్పండి. గాలి ఊపేసి ఊపేసి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒక్కోసారి ఆకాశం కూడా తేటపడుతుంది. అయిపోయిందనుకుని మగవాళ్ళు తెప్పలు, వలలు చూసుకోవడానికి ఒడ్డుకి వెళ్తారు. కాసేపటికి గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అధికారులు చెప్పేదాకా షెల్టర్ తలుపు తీయకూడదు.

జవాబు: బక్షిపల్లి వైపు నుంచి, వేటకెళ్ళే కుర్రాడు

టీచర్ గారూ, మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మాకు దగ్గర్లోనే వెంకటరాయపూర్ ఉంది కదా. సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ గుర్తించింది. అప్పుడు మన దేశంలో ఆ గుర్తింపు వచ్చినవి రెండే ఊళ్ళు. మన గంజాంలో ఇది, జగత్సింగ్‌పూర్ జిల్లాలో నోలియాసాహి. వీలైతే మీ పంచాయతీ వాళ్ళని ఒక పూట అక్కడికి తీసుకెళ్ళండి. ఎటు పరిగెత్తాలో చూపించే బోర్డులు, ఊరి మ్యాపు కళ్ళారా చూస్తారు. స్లైడ్ల కంటే అది నయం.

పిల్లలకి ఒక్కటి నేర్పండి. భూమి గట్టిగా ఊగినా, నీళ్ళు ఉన్నట్టుండి లోపలికి తీసేసినా సైరన్ కోసం చూడొద్దు. ఇసకలో చేపలు గిలగిల్లాడుతుంటే ఏరుకోవాలనిపిస్తుంది, మా పిల్లలు అందరికంటే ముందు పరిగెడతారు. 2004 డిసెంబరు 26 సునామీలో చాలాచోట్ల అలాగే పోయారు. నీళ్ళు వెనక్కి పోతే మనం ఊరి వైపు పరిగెత్తాలి.

రెండోది మైకు. గుడి మైకులో ఒడియా కాగితం చదివితే మా అవ్వలు వింటారు గానీ లేవరు. ఇలా చెప్పించండి: "అమ్మల్లారా, అయ్యల్లారా, రేపు మధ్యాహ్నం పన్నెండు లోపు అందరూ షెల్టర్‌కి రావాలి. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు పొద్దున్నే రావాలి. ఆధార్, రేషన్ కార్డు, మందులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకోండి. గ్యాస్ కట్టేయండి. ఆవులు, మేకల కట్లు విప్పేయండి." ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతు చెప్పాలి. మీ మెంబరు గారైతే ఇంకా మంచిది. ఎన్ని గంటలకి, ఎక్కడికి, ఎవరు ముందు... ఈ మూడూ లేని ప్రకటన ఎంతసేపు చదివినా లాభం లేదు.

జవాబు: గజపతి జిల్లా కొండ ప్రాంతం, టీచర్

మాకు సముద్రం లేదు కాబట్టి తుపానుతో మాకేం పని అనుకునేవాళ్ళం. తిత్లీ ఆ మాట తప్పని చూపించింది. గాలి తగ్గాక కుండపోత పట్టుకుంది. బారఘర దగ్గర వానకి కొండ వారన తలదాచుకున్నవాళ్ళ మీదే కొండచరియ విరిగిపడింది. పది మందికి పైగా చనిపోయారు. అందుకని కొండ మీద బళ్ళలో తీరం పుస్తకం చదివి వినిపిస్తే సరిపోదని మా క్లస్టర్ కోఆర్డినేటర్‌కి చెప్పి చెప్పి, మా శిక్షణలో ఒక పూట దీనికే పెట్టించుకున్నాం.

మేం పిల్లలకి చూపించే గుర్తులివి. కొండ మీద కొత్తగా పగుళ్ళు కనిపించడం, చెట్లో కరెంటు స్తంభాలో ఓ పక్కకి ఒరగడం, గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారడం. వాన పడుతూనే ఉన్నా గెడ్డలో నీళ్ళు తగ్గిపోయాయంటే మరీ ప్రమాదం, పైన ఎక్కడో మట్టి అడ్డుపడిందన్నమాట. మా సవర పిల్లల తాతలకి ఈ గుర్తులన్నీ తెలుసు. ఒక తాతనే పిలిచి సవరలో చెప్పించాను. నాకంటే చాలా బాగా చెప్పారు.

పిడుగుల సంగతి మీకూ పనికొస్తుంది. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఉరుము వినబడిందంటే ఆట ఆపి గదిలోకి రావాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి పంపకూడదు. చెట్టు కిందకి అసలే వద్దు. పిడుగుల గురించి ముందే హెచ్చరించే దామిని యాప్ టీచర్లందరి ఫోన్లలో వేయించండి.

జవాబు: బరంపురం, నర్సు

ప్రథమ చికిత్స గురించి నాలుగు మాటలు, ఎందుకంటే వరద తర్వాత మా దగ్గరికి వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. నీళ్ళలో మునిగినవాళ్ళని తలకిందులుగా పట్టి తిప్పుతారు, పొట్ట నొక్కుతారు. రెండూ తప్పు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, 30 నొక్కులకి 2 సార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి. పెద్దవాళ్ళకి 5 సెంటీమీటర్ల లోతు. శిక్షణలో గట్టి దిండు మీద ప్రతి ఒక్కరి చేతా చేయించండి. చూస్తే రాదు, చేతులు నొప్పెట్టాలి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బావి నీళ్ళకి 1000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగాలి. అంబులెన్సుకి 108, అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూముకి 1077. ఈ నంబర్లు తాళం చెవుల పేర్ల కిందే గోడ మీద రాయించండి.

మళ్ళీ గంజాం తీరం టీచర్

అందరికీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఇంకో రెండు సందేహాలు. పంచాయతీ ఆఫీసులో ఒకాయన "ఇది బడి పని కదా, మేమెందుకు రావాలి" అంటున్నారు. రెండోది, మా గది ఒక్కొక్కటి ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఎంతమందిని పెట్టొచ్చు?

జవాబు: రాయగడ, తహసీల్ ఆఫీసులో పనిచేసినవాడిని

2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ చూపించండి. తమ అధికారులకీ, ఉద్యోగులకీ విపత్తు శిక్షణ ఉండేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యతేనని అందులో స్పష్టంగా ఉంది. గొడవగా చెప్పొద్దు మేడమ్, ఆయన్నే ప్రారంభించమని పిలవండి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. ఫైలిన్‌లో లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య 100 దాటలేదు. ఈ తేడా తెచ్చినవాళ్ళలో పంచాయతీ వాళ్ళూ ఉన్నారని చెప్తే ఎవరైనా వస్తారు.

గది 48 చదరపు మీటర్లు. సహాయ శిబిరాలకి వాడే స్ఫియర్ ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్లు. ఆ లెక్కన పదమూడు మంది. గాలివాన ఉన్న ఒక్క రాత్రికి అంతకంటే చాలామంది సర్దుకుంటారు. అది ప్రాణం కాపాడుకోవడం, తప్పదు. రోజుల తరబడి ఉండాలంటే మాత్రం ఈ లెక్కే చూడాలి. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి అవసరం. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి లోపల గొళ్ళెం ఉందా, రాత్రి దీపం ఉందా అని మీరే వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. కాగితం మీద అన్నీ ఉంటాయి.

మళ్ళీ గంజాం తీరం టీచర్, మూడు వారాల తర్వాత

శిక్షణ అయింది. స్క్రీన్ పెట్టలేదు. అందరం గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టి, షెల్టర్ మెట్ల దాకా నడిచాం. ఆ పంచాయతీ ఆయన కూడా వచ్చారు. నడవలేని ఒక అవ్వని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసి చూశారు. మెట్ల మలుపులో కుర్చీ పట్టలేదు. ఇప్పుడు దుప్పటిలో మోయడం నేర్చుకుంటున్నారు.

నిన్న డ్రిల్. బెల్లు కొట్టిన నాలుగు నిమిషాలకి పిల్లలంతా మైదానంలో వరసల్లో ఉన్నారు. లెక్కపెడితే ఒకరు తక్కువ. నా గుండె ఆగినంత పనైంది. రెండో తరగతి బాబు మరుగుదొడ్డిలో ఉన్నాడు, బెల్లు వినబడింది గానీ బయటికి రావాలని తెలియలేదట. ఇకనుంచి ఐదో తరగతి టీచర్ మరుగుదొడ్లన్నీ చూసుకున్నాకే వరసలోకి రావాలని రాసుకున్నాం. కాలు సరిగా లేని పాపకి ఇద్దరు పెద్ద పిల్లలు జత కుదిరారు. వాళ్ళని పాపే ఎంచుకుంది.

మైకులో మెంబరు గారే మాట్లాడారు. నాలుగు గుడ్డముక్కలు చేతిలో పట్టుకుని, ఒక్కో రంగూ చూపిస్తూ చెప్పారు. మూడు చెవులూ చేయించాం. ఒకటి హెడ్మాస్టారి దగ్గర, ఒకటి అంగన్‌వాడీ అక్క దగ్గర ఉన్నాయి. మూడోది మెంబరు గారింట్లో దేవుడి పటం పక్క మేకుకి వేలాడుతోంది. ఎర్ర గుడ్డముక్క చించి దానికి ఆవిడే కట్టుకున్నారు.