మాంటిస్సోరిలో ఉన్న పాపని ఎల్‌కేజీకి మార్చాలా?

పటమట అమ్మ:
మా పాపకి నాలుగేళ్ళు నిండాయి. ఇక్కడే ఒక మాంటిస్సోరి స్కూల్లో చేర్చి ఏడాదైంది. తనకి నచ్చిన పని తనే తీసుకుంటుంది, ఎవరూ తొందరపెట్టరు. సంతోషంగానే వెళ్తోంది. కానీ మా ఆడపడుచు కొడుకు, దీని ఈడువాడే, ఏబీసీడీలు మొత్తం రాసేస్తున్నాడు, అంకెలు వంద దాకా వేస్తున్నాడు. ఇది ఇంటికొచ్చి "ఇవాళ జగ్గుతో నీళ్ళు పోశా" అంటుంది. జూన్‌లో ఎల్‌కేజీకి మార్చమని ఇంట్లో ఒకటే పోరు. ఏం చేయమంటారు?

బ్రాడీపేట తాతయ్య:
మార్చేయమ్మా. నీళ్ళు పోయడానికి ఫీజెందుకు? మా చిన్నప్పుడు వేలు పట్టుకుని ఇసుకలో అఆలు దిద్దించారు, అందరం చదువుకున్నాం. ఇటలీ పద్ధతులు మనకెందుకు?

మాజీ టీచర్, గుంటూరు:
పెద్దాయనా, ఈ పద్ధతి మొదలుపెట్టిన ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన టీచర్లకే శిక్షణ ఇచ్చారండి. యుద్ధం వచ్చి 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు.

మీ ఇసుక దిద్దుడు లాంటిదే అక్కడా ఉంది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం చెక్క మీద అంటించి ఉంటుంది. టీచర్ రెండు వేళ్ళతో రాసే దారిలోనే తడిమి, శబ్దం పలికి చూపిస్తుంది. తర్వాత పిల్ల తడుముతుంది. వేలు నున్నటి చెక్క మీదకి జారితే దారి తప్పానని తనకే తెలుస్తుంది. ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు.

ఇక పిల్ల ఇష్టం అంటే ఏది పడితే అది చేయడం కాదు. టీచర్ చూపించిన సామానే తీసుకోవాలి, తీసిన చోటే పెట్టాలి. ఒక్కో సామాను గదికి ఒక్కటే. గులాబీ రంగు ఘనాలు పది ఉంటాయి, చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. వాటితో ఇంకో పిల్లవాడు గోపురం కడుతుంటే మీ పాప ఆగాల్సిందే. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. మొదట్లో ఎక్కువగా నీళ్ళు పోయడం, గుండీలు పెట్టడం, పైన బుడిపె ఉన్న చెక్క దిమ్మెల్ని మూడు వేళ్ళతో ఎత్తడం. పెన్సిల్ పట్టు అక్కడే వస్తుంది. రాత, లెక్కలు ఊపందుకునేది ఆ తర్వాత. ఏడాదికే తీసేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

బెంజిసర్కిల్ నాన్న:
టీచర్ గారు చెప్పింది పుస్తకంలో మాంటిస్సోరి. ఆ పేరు బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. నేను చూసిన ఒక స్కూల్లో సామానంతా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు, పిల్లలు బెంచీల మీద కాపీ రైటింగ్! అందరూ చూపించే అధ్యయనం 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. అమెరికాలో మిల్వాకీలో ఒక మాంటిస్సోరి స్కూల్లో లాటరీలో సీటొచ్చిన పిల్లల్ని, రానివాళ్ళని పోల్చారు. సీటొచ్చినవాళ్ళు ఐదేళ్ళకి చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. ఒప్పుకుంటా. కానీ అది పద్ధతి సరిగ్గా నడిపిన ఒక్క స్కూలు. దాన్ని చూపించి మన వీధి చివర ఫీజు కట్టించుకుంటే ఎలా?

పటమట అమ్మ:
నా టెన్షన్ ఒకటో తరగతి గురించి. పెద్ద స్కూళ్ళలో డిక్టేషన్ పెడతారట కదా?

మాజీ టీచర్, గుంటూరు:
పెట్టకూడదమ్మా. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్‌కి పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ పరీక్షించి ఏరడం నేరం. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటలతోనే నేర్పమంటోంది.

బెంజిసర్కిల్ నాన్న:
దాన్నే "ఇంటరాక్షన్" అని పేరు మార్చి పెడుతున్నారు లెండి.

మాజీ టీచర్, గుంటూరు:
అది నిజమే, కాదనను. కానీ మూడేళ్ళూ సరిగ్గా సాగిన పిల్లకి ఆ డిక్టేషన్ ఓ లెక్క కాదు. కాబట్టి ముందు మీ స్కూలు సంగతి తేల్చుకోండి. ఓ పూట క్లాసులో మూలన కూర్చోండి. అరలు పిల్ల చేతికి అందుతున్నాయా, టీచర్ గదంతటికీ ఒకే పాఠం అరుస్తోందా, ఒక్కో పిల్ల ఒక్కో పనిలో ఉందా చూడండి. అరుస్తుంటే మాత్రం మార్చేయండి, నేనే చెప్తున్నా.

బ్రాడీపేట తాతయ్య:
కూర్చోనిస్తారా?

బెంజిసర్కిల్ నాన్న:
ఫీజు కట్టకముందైతే కూర్చోనిస్తారు తాతగారూ. కట్టాక గేటు దగ్గరే.

పటమట అమ్మ:
వచ్చే ఏడాదిది ఇంకా కట్టలేదండి. అయితే ఈ వారమే వెళ్తాను.