రీడింగులు రాయడం ఇంజినీరింగేనా? మెడికల్ డివైస్ ఇంటర్న్‌షిప్ మీద చర్చ

మద్దిలపాలెం_ట్రిపుల్ఈ:
మూడో సంవత్సరం అయిపోయింది. ఎండాకాలం ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాబట్టి ఒక మెడికల్ డివైస్ కంపెనీలో చేరాను. మన విశాఖలో వైద్య పరికరాల ఫ్యాక్టరీలుండే మెడ్‌టెక్ జోన్‌లో కాదు, గాజువాక అవతల చిన్న యూనిట్. పేరు అడగొద్దు. ఆరు వారాల్లో ఐదు అయ్యాయి. నా పనల్లా పేషెంట్ మానిటర్ ఈసీజీ లీడ్లకి మీటర్ తగిలించి లీకేజీ కరెంట్ (పరికరం నుంచి రోగిలోకి జారే కరెంట్) కొలవడం, ఆ అంకె ఫార్మాట్‌లో రాసి సంతకం పెట్టడం. రోజుకి పది, పన్నెండు పీసులు. తప్పు రాస్తే వైట్‌నర్ పుయ్యకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. స్టైపెండ్ లేదు, టీ ఇస్తారు. సర్క్యూట్ డిజైన్ నేర్చుకుందామని వెళ్తే గుమస్తానయ్యాను. ఇది ఇంటర్న్‌షిప్పా, ఉచిత చాకిరీయా?

రిషికొండ_కోడర్:
చాకిరీయే, అందులో డౌటెందుకు? నేనూ ఈసీఈ చదివినవాణ్ణే తమ్ముడూ. ఆ ఎండల్లో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో పడి వెళ్ళే బదులు ఇంట్లో కూర్చుని పైథాన్ నేర్చుకున్నా. క్యాంపస్ ఇంటర్వ్యూలో నన్ను లీకేజీ గురించి ఎవడూ అడగలేదు.

పాత_క్యూఏ:
నిన్ను అడగరు బాబూ, ఆ మానిటర్ ఐసీయూలో పెట్టినవాళ్ళని అడుగుతారు.

క్వాలిటీలో 14 ఏళ్ళు చేశాను. ట్రిపుల్ఈ అబ్బాయీ, నువ్వు పట్టుకున్న లీడ్ సాకెట్ పక్కన చతురస్రంలో గుండె బొమ్మ ఉంటుంది, చూశావా? దాన్ని సీఎఫ్ టైప్ అంటారు. మామూలు స్థితిలో రోగిలోకి పోయే లీకేజీ 10 మైక్రోఆంప్స్ దాటకూడదని వైద్య పరికరాల భద్రతా ప్రమాణం ఐఈసీ 60601 చెప్తుంది. ఏదైనా ఒక లోపం వచ్చినప్పుడు కూడా 50 దాటకూడదు. మనిషి బొమ్మ ఉన్న బీఎఫ్ టైప్‌కి ఇవే 100, 500. ఎందుకంత తేడా? మన వేలికి ఒక మిల్లీఆంప్, అంటే వెయ్యి మైక్రో వచ్చేదాకా షాక్ సరిగ్గా తెలియనే తెలియదు. కానీ ఐసీయూ రోగికి మెడ దగ్గర నుంచి గుండె దాకా గొట్టం వేసి ఉండొచ్చు. చర్మం అడ్డు లేదు. నేరుగా గుండెకి తగిలితే వంద మైక్రోఆంప్స్ స్థాయి కరెంటే లయ తప్పించగలదు. నువ్వు రాసే అంకె అది.

వైట్‌నర్ వద్దనేది కూడా చాదస్తం కాదు. రేపు ఆ మానిటర్ మీద ఫిర్యాదు వస్తే ముందు ఏం రాశారో, ఎవరు మార్చారో కనపడాలి.

మూడోవాడి_నాన్న:
సార్, మీరు చెప్పింది బాగుంది. మరి ఇవన్నీ ఆ కుర్రాడికి ఐదు వారాల్లో ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? 2018 డిసెంబరులో 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ మొదలైనప్పుడు మా స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో అందరం సంబరపడ్డాం, పిల్లలు హైదరాబాద్, బెంగళూరు పోనక్కర్లేదని. జోన్‌లో అయినా బయట అయినా పిల్లాడు చేసే పని కంపెనీ అమ్ముకునే సరుకు మీదే కదా! అప్రెంటిస్‌కి 1961 చట్టం ప్రకారం స్టైపెండ్ ఇస్తారు. అదే పని చేసే పిల్లాణ్ణి ఇంటర్న్ అంటే టీతో సరిపెట్టేస్తారా? మా మూడోవాడి బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం నా జేబులోంచే.

పాత_క్యూఏ:
స్టైపెండ్ సంగతిలో మీతో వాదించను. అమ్మే పీసు మీద సంతకం పెట్టించుకున్నప్పుడు డబ్బులిచ్చి తీరాలి. అసలు శిక్షణ ఇచ్చినట్టు రికార్డు లేకుండా ఇంటర్న్ చేత సంతకం పెట్టిస్తే వైద్య పరికరాల కంపెనీల క్వాలిటీ ప్రమాణం ఐఎస్ఓ 13485 ఆడిట్‌లో ముందు పట్టుకునేది అదే. నేను కాదంటున్నది 'గుమస్తా' అన్న ఒక్క మాట.

రిషికొండ_కోడర్:
అన్నా, మీటర్ పాస్ అంటే పాస్ రాస్తాడు, ఫెయిల్ అంటే ఫెయిల్ రాస్తాడు. అందులో ఇంజినీర్ ఎక్కడున్నాడు? పదో తరగతి పిల్లాడైనా రాస్తాడు.

మద్దిలపాలెం_ట్రిపుల్ఈ:
ఇది చదివాక ఒకటి గుర్తొచ్చింది. రోజూ నాకు 2, 3 వస్తాయి. పోయిన వారం ఒక పీసుకి 8 వచ్చింది. లిమిట్ 10 కదా, పాస్ రాసేశాను. సూపర్‌వైజర్ గారికి చెప్తే "పాస్ ఈజ్ పాస్, తర్వాతది ఎత్తు" అన్నారు.

పాత_క్యూఏ:
కోడర్ గారూ, ఇంజినీర్ ఎక్కడన్నారుగా, ఆ 8 దగ్గర ఉండాలి. వంద పీసులు 2, 3 చూపించి ఒకటి 8 చూపిస్తే దానికి కారణం ఉంటుంది.

వార్డు_టెక్నీషియన్:
ఆసుపత్రిలో బయోమెడికల్ పని చేస్తాను. ముందు మీ బల్ల చూసుకోండి తమ్ముడూ. లీడ్ కేబుల్ ఇనప బల్ల మీద చుట్ట చుట్టి పడి ఉన్నా రీడింగ్ పెరుగుతుంది. కేబుల్ పైకెత్తి మళ్ళీ కొలిచారా? అప్పటికీ 8 వస్తే లోపల చూడాలి. సోల్డరింగ్ చేశాక దానికి వాడిన ఫ్లక్స్ పూత సరిగ్గా కడక్కపోతే బోర్డు మీద జిడ్డు ఉండిపోతుంది. ఎండిన రోజు అది ఏమీ చెయ్యదు. మన విశాఖ గాలిలో ఉప్పు, తేమ పట్టాక కరెంటుకి దారిస్తుంది. డిజైన్‌ని ఆమోదించే ముందు చేసే టైప్ టెస్టులో పరికరాన్ని 93 శాతం తేమలో 48 గంటలు ఉంచి మరీ లీకేజీ కొలిచేది ఇందుకే. మీ దగ్గర ఏసీ గదిలో 8 ఉన్నది, బీచ్ రోడ్డు పక్కన ఏసీ పనిచెయ్యని వార్డులో రెండేళ్ళ తర్వాత ఎంతవుతుందో!

మా దగ్గరకొచ్చే పరికరాల్లో సగం గొడవ ఎర్త్ పిన్ ఊడిపోయిన ప్లగ్గులతోనే లెండి, అది వేరే కథ.

రిషికొండ_కోడర్:
సరే, ఇది నాకు తెలియదు. కానీ ఇతనికి చెప్పింది మీరిద్దరూ, కంపెనీ కాదు. అక్కడ నేర్చుకున్నది సున్నాయే కదా?

పాత_క్యూఏ:
ఒప్పుకుంటాను. కంపెనీ తప్పే. 2023 అక్టోబరు 1 నుంచి సీ, డీ తరగతి (రిస్క్ ఎక్కువున్న) పరికరాలకి లైసెన్సు తప్పనిసరి అయ్యాక కాగితాలు పెరిగాయి. రాసేవాళ్ళు కావాలని ఇంటర్న్‌లని పెట్టుకున్నవాళ్ళని నేనూ చూశాను. అబ్బాయీ, ఆ పీసు వెళ్ళిపోయిందా?

మద్దిలపాలెం_ట్రిపుల్ఈ:
లేదు, బ్యాచ్ ఇంకా స్టోర్‌లోనే ఉంది. సీరియల్ నంబర్ నా నోట్‌బుక్‌లో ఉంది.

పాత_క్యూఏ:
నంబర్ ఇక్కడ పెట్టకు. సూపర్‌వైజర్‌కి మళ్ళీ నోటితో చెప్పకు. మళ్ళీ కొలవడానికి అనుమతి అడుగుతూ క్వాలిటీ హెడ్‌కి మెయిల్ రాయి. రెండు లైన్లు చాలు.

మద్దిలపాలెం_ట్రిపుల్ఈ:
సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు సార్. అది లేకపోతే క్రెడిట్లు రావు. అదే టెన్షన్.

మూడోవాడి_నాన్న:
బాబూ, సర్టిఫికెట్ తీసుకున్నాక అడుగు.

వార్డు_టెక్నీషియన్:
వారంలో బ్యాచ్ వెళ్ళిపోతుందండీ. అప్పుడు అడిగి ఏం లాభం?

మూడోవాడి_నాన్న:
తెలుసండీ. మా అమ్మకి పోయిన ఏడాది మానిటర్ పెట్టారు, తొమ్మిది రోజులు. అయినా తండ్రిగా నా నోటికి ముందు వచ్చిన మాట అదే.

మద్దిలపాలెం_ట్రిపుల్ఈ:
మెయిల్ రాశాను, ఇంకా పంపలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి కేబుల్ ఎత్తి ఇంకోసారి కొలవనిస్తారేమో చూసి, అప్పటికీ 8 వస్తే పంపుతాను.

పాత_క్యూఏ:
3 వచ్చినా పంపు. మొన్న ఫార్మాట్‌లో రాసింది 8 కదా.