పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాడ్యూళ్ళంటే జనానికి ఇంకా ఇంత మోజెందుకు?

పర్లాకిమిడి_పాచిక:
ఆదివారాలు మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ పాత్రల్లా ఆడే సాహసాల ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం, ఇద్దరం తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియావాళ్ళు, ఆట నడిపేది నేను. ఒకడు గ్యారీ గైగాక్స్ రాసిన కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్ అనే పాత మాడ్యూల్, అంటే ముందే రాసిపెట్టిన సాహసం పుస్తకం, తెచ్చి ఇక ఇదే ఆడదామని పట్టుబట్టాడు. చదివితే కథే కనబడలేదు, ఒక కోట, కొన్ని గుహలు, నంబర్లేసిన గదులు. ఇందులో ఏముందని దీన్నింకా ఆడుతున్నారు?

బరంపురం_డీఎం:
తమ్ముడూ, కథ లేకపోవడమే దాని బలం. గోబ్లిన్ల (చిన్న రాక్షసుల) గుహ పక్కన ఓగర్ అనే భారీ రాక్షసుడు ఒకడుంటాడు చూడు, గోబ్లిన్లకు కష్టమొస్తే డబ్బుల సంచి వాడి ముందు పడేస్తారు, వాడు పరిగెత్తుకొస్తాడు. మనవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే వాణ్ణి ముందే కొనేయొచ్చు. ఎవరు ఎవరితో పొత్తు, ఎవరికి ఎవరితో వైరం అన్నది మాత్రమే రాసి వదిలేశారు, మిగతాది ఆడేవాళ్ళు చూసుకోవాలి.

1981 బేసిక్ రూల్స్‌తో ఆడించు. ఎవరైనా ఎదురైతే రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు, 2 పడితే మీద పడతారు, 12 పడితే స్నేహం, మధ్యలో పడితే చాలాసార్లు మాట్లాడుకునే వీలుంటుంది. మా బల్ల దగ్గర గొడవకంటే బేరాలే ఎక్కువయ్యాయి! ఎందుకంటే గోబ్లిన్‌ని చంపితే లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు 5 మాత్రమే, బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. ఇక ఎవడు కొట్లాటకు దిగుతాడు చెప్పు.

జయపురం_కాగడా:
అన్న చెప్పింది నిజమే కానీ చావులు ఎక్కువ, అది ముందే అందరికీ చెప్పు. మొదటి లెవెల్ మాంత్రికుడికి సాధారణంగా నాలుగు హిట్ పాయింట్లు (ప్రాణబలం) దాటవు, ఒక్క దెబ్బకి పోతాడు. చచ్చినవాడు పది నిమిషాల్లో కొత్త పాత్రతో మళ్ళీ కూర్చోగలడు, అది మాత్రం ఐదో ఎడిషన్‌లో కుదరదు. టూంబ్ ఆఫ్ హారర్స్ అనే మాడ్యూల్ జోలికి ఇప్పుడే పోవద్దు, అది 1975లో పోటీ కోసం తయారుచేసింది, కొత్తవాళ్ళు విసిగిపోతారు.

పర్లాకిమిడి_పాచిక:
ఓగర్ సంగతి నేను గమనించనేలేదు అన్నా. రూల్స్ పుస్తకం కొనాలా?

బరంపురం_డీఎం:
అక్కర్లేదు. బేసిక్ ఫాంటసీ అని ఉంది, పాత రూల్స్‌కి బాగా దగ్గర, పీడీఎఫ్ ఉచితం, దాని మాడ్యూళ్ళూ ఉచితమే. జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకో. 1981 రూల్సే యథాతథంగా కావాలంటే 2019లో వచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ కొను, వెతుక్కునే పని లేకుండా వరసగా సర్దారు. ఒక్కటి మాత్రం మర్చిపోకు, కాగడా ఆరు టర్న్‌లే (ఆటలో ఒక టర్న్ అంటే పది నిమిషాలు) వెలుగుతుంది, లెక్క రాసే పని ఆడేవాళ్ళలో ఒకరికి అప్పజెప్పు.