మా కుంపటిలో మారని బంగారం నక్షత్రాల్లో ఎలా పుట్టింది?

ప్రశ్న: స్వర్ణకారుడు, తిరుపతి

నమస్కారం. గాంధీ రోడ్డు పక్క సందులో నగలు చేస్తాను. మా నాన్న కూర్చున్న పీట మీదే ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాను. నిన్న సాయంత్రం తాళిబొట్టుకు బంగారం కరిగిస్తుంటే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇది పేలిపోయిన నక్షత్రంలో పుట్టిందట" అంది.

అప్పటి నుంచి అదే ఆలోచన. మూసలో మేలిమి ముక్కలు వేసి, వెలిగారం చల్లి ఊదుతుంటే 1064 డిగ్రీల దగ్గర అంచులు జారతాయి. చూస్తుండగానే అంతా ఒక్క ముద్దై, గుండ్రంగా తిరిగి అద్దంలా మెరుస్తుంది. రాగి కలిపితే ఎరుపు తిరుగుతుంది. శుద్ధి చేస్తే మళ్లీ బంగారం బంగారమే, రాగి రాగే. ఎంత మంట పెట్టినా ఒక లోహం ఇంకొకటి కావడం నేను చూడలేదు. మరి నక్షత్రంలో ఉన్నది ఏ మంట? వేడి ఎక్కువ కాబట్టి మారిందా, అక్కడ జరిగే పనే వేరా? పిల్లకు తప్పు చెప్పకూడదని అడుగుతున్నాను.

జవాబు: విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, చిత్తూరు

పని వేరండీ. మీ కుంపటి పరమాణువు పైపొరలో ఉన్న ఎలక్ట్రాన్లనే కదిలిస్తుంది. బంగారాన్ని బంగారం చేసేది కేంద్రకంలోని 79 ప్రోటాన్లు. ఆ మంట వాటిని తాకను కూడా తాకదు.

నక్షత్ర గర్భంలో కేంద్రకాలే ఢీకొని అతుక్కుంటాయి. హైడ్రోజన్ హీలియం అవుతుంది, హీలియం కార్బన్ అవుతుంది, అలా ఇనుము దాకా. అంతవరకు అతుకు పడ్డప్పుడల్లా శక్తి బయటికి వస్తుంది. ఇనుము దాటితే ఎదురు పెట్టాలి. సూర్యుడికి పాతిక రెట్ల బరువున్న నక్షత్రంలో సిలికాన్ మండి ఇనుప గుండె తయారు కావడానికి సుమారు ఒక్క రోజు పడుతుంది. ఆ గుండె బరువు సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు కాగానే తన బరువు తాను మోయలేక సెకను లోపే కూలిపోతుంది, పై పొరలు పేలి చిమ్ముతాయి. అదే సూపర్‌నోవా.

బంగారానికి మాత్రం వేడి చాలదు. అన్ని ప్రోటాన్లున్న కేంద్రకం మరో ప్రోటాన్‌ను దగ్గరికి రానివ్వదు. కేంద్రకంలోనే ఉండే మరో కణం న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కనుక అడ్డు లేకుండా లోపలికి చేరుతుంది. చేరినవాటిలో ఒకటి ప్రోటాన్‌గా మారితే మూలకం ఒక మెట్టు ఎక్కుతుంది. ముసలి నక్షత్రాల్లో ఇది తీరుబడిగా జరిగి బేరియం వంటివి వస్తాయి. బంగారం, ప్లాటినం, యురేనియం కావాలంటే మారే వ్యవధి కూడా లేకుండా, సెకను అటూ ఇటూగా, న్యూట్రాన్లు కుంభవృష్టిగా కురవాలి. ఈ రెండు దారులనూ 1957లో శాస్త్రవేత్తలు బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి వివరించారు.

అమ్మాయి మాటకు ఒక్క సవరణ. 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంగతి గురుత్వ తరంగాల ద్వారా తెలిసింది. ఆ ఢీలో పుట్టిన వెలుగు కొద్ది రోజుల్లోనే నీలం నుంచి ఎరుపుకు తిరిగింది. బరువైన మూలకాలు అప్పుడే పుట్టాయనడానికి అదే గుర్తు. న్యూట్రాన్ నక్షత్రమంటే సూపర్‌నోవా తర్వాత మిగిలిన గుండె. కాబట్టి "పేలిపోగా మిగిలిన రెండు నక్షత్రాలు గుద్దుకున్నప్పుడు" అని చెప్పండి.

జవాబు: కుప్పం నుంచి

మా నాన్న చిగురుగుంట బంగారు గనిలో దిగేవారు. ఒకసారి పిడికెడంత తెల్లటి పలుగురాయి ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టారు. బంగారం ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు. టన్ను రాయికి కొద్ది గ్రాములే వస్తుందని అప్పుడు చెప్పారు. ఆ రాయి ఇప్పటికీ మా గూట్లో ఉంది.

మాకు పక్కనే ఉన్న కోలారు గనిలోనే 1965లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలను) మొదటిసారి పట్టుకున్నారు. లెక్చరర్ గారు చెప్పిన ఇనుప గుండె కూలినప్పుడు వెలువడే శక్తిలో దాదాపు 99 శాతం తీసుకుపోయేది ఈ న్యూట్రినోలే. 1987 ఫిబ్రవరిలో కనిపించిన సూపర్‌నోవా నుంచి వచ్చినవి జపాన్‌లో, అక్కడా ఒక గని లోపలే, పదకొండు దొరికాయి.

స్వర్ణకారుడు, తిరుపతి

ఇద్దరికీ నమస్కారాలు. రాత్రి అన్నం దగ్గర మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. వెంటనే నా సుత్తి తెచ్చి, "దీని సంగతేమిటి? నువ్వు బంగారంలో కలిపే రాగి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, చిత్తూరు

సుత్తి విషయంలో అమ్మాయి మొదట చెప్పిన మాటే నిజం. పేలుడులో పుట్టిన నికెల్ కోబాల్ట్‌గా, కోబాల్ట్ ఇనుముగా మారుతుంది. ఆ కోబాల్ట్ ప్రతి 77 రోజులకు సగమవుతుంది. 1987 నాటి సూపర్‌నోవా వెలుగు కూడా కొన్ని నెలలపాటు సరిగ్గా అదే లెక్కన తగ్గుతూ వచ్చింది. రాగి ఎక్కువగా పెద్ద నక్షత్రాల్లో పేలుడుకు ముందే నిదానంగా తయారై, పేలినప్పుడు బయటపడింది. మీ మూసలో కలిసేవి రెండూ వేర్వేరు ఊళ్లలో పుట్టినవని అమ్మాయికి చెప్పండి.